ఫార్మసిస్టు షాపులో ఉండాలి, నోరు విప్పి చెప్పాలి

సంపాదకుడు గారికి,

తిరుపతిలో మందుల షాపు లేని వీధి లేదు. కానీ కౌంటర్ వెనక మందు ఇచ్చే మనిషి చదువుకున్న ఫార్మసిస్టేనా అన్నది మనలో ఎవరమూ అడగం. ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలిసొస్తుంది.

మా అమ్మాయికి పసితనం నుంచి ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం పొడిబారి ఎర్రగా లేస్తుంది. రాత్రిళ్లు నిద్రలోనే రక్తం వచ్చేలా గోక్కుంటుంది. ధనుర్మాసం చలికి ఎక్కువవుతుంది, ఎండాకాలం చెమటకు మళ్లీ తిరగబెడుతుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. అయినా తామర, అంటే అంటుకునే ఫంగస్ జబ్బు, అనుకుని పిల్లను దూరం పెట్టేవాళ్లు ఉన్నారు. డాక్టరు గారు చూసి మందు రాశారు. వరండా నిండా జనం ఉన్నప్పుడు ఏ డాక్టరైనా ఒక్కొక్కరికి ఎంతసేపని చెప్పగలరు? ఎంత రాయాలి, ఎన్నాళ్లు రాయాలి, స్నానానికి ముందా తర్వాతా అన్న అనుమానాలన్నీ ఇంటికొచ్చాకే మొదలవుతాయి.

వాటిని తీర్చింది మా వీధి చివరి షాపులో పనిచేసే ఫార్మసిస్టు. చీటీ చదివి, ట్యూబు చేతికిచ్చి పంపేయలేదు. తన చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ఆయింట్‌మెంట్ సన్నగా పిండి చూపించింది. పెద్దవాళ్ల వేలి మీద ఇంత మందు రెండు అరచేతులంత చోటుకు సరిపోతుందని, అంతకు మించి పులమొద్దని చెప్పింది. ఈ ఆయింట్‌మెంట్ ఎరుపు, దురద తగ్గించే స్టెరాయిడ్ మందు కాబట్టి డాక్టరు చెప్పినన్నాళ్లే రాయాలి, చర్మం పొడిబారకుండా చూసే మాయిశ్చరైజర్ మాత్రం చర్మం బాగున్న రోజుల్లో కూడా వాడాలంది. వేడి వేడి నీళ్లు, పీచుతో రుద్దడం మానేసి, గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించి, టవల్‌తో అద్ది, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయమంది. ఖరీదైన క్రీమే కానక్కర్లేదు, వాసన కలపని మామూలు పెట్రోలియం జెల్లీ చాలంది. పసుపచ్చ రసి కారినా, నొప్పితో పొక్కులు లేచినా, జ్వరం వచ్చినా మాత్రం షాపుకు రాకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లమని గట్టిగా చెప్పింది. ఈ మాటలకు ఆమె పైసా తీసుకోలేదు. మా ఇంట్లో అందరం రాత్రి కాస్త నిద్రపోతున్నామంటే అందులో ఆమె చలవ చాలా ఉంది.

అన్ని చోట్లా ఇలా జరగడం లేదు. "దురదకు ఏదైనా ఇవ్వండన్నా" అంటే చాలు, చీటీ అడగకుండా, ఒంటి మీద ఏముందో చూడకుండా, స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు ఇచ్చేసే షాపులు ఉన్నాయి. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది కాబట్టి జనం మళ్లీ అదే కొంటారు. అది నిజంగా తామరే అయితే స్టెరాయిడ్ వల్ల పైకి తగ్గినట్టు కనిపిస్తూ లోలోపల పాకుతుంది. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. తెల్లబడతామని అవే క్రీములు రాసుకునే ఆడపిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

చట్టం లేక కాదు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం ఫార్మసిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బ్యాడ్జీతో తెల్లకోటు వేసుకోవాలి, మందు ఎలా వాడాలో రోగికి వివరించాలి. మన ఊళ్లో ఆ కోటు ఎన్ని షాపుల్లో కనిపిస్తోందో పాఠకులే ఈసారి వెళ్లినప్పుడు గమనించండి. గోడకు వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, మందు ఇచ్చే చేయి మరొకరిది అయితే ఆ నిబంధన ఎవరి కోసం?

ఔషధ నియంత్రణ శాఖ అధికారులు పగటిపూట కాకుండా, షాపులు కిటకిటలాడే సాయంత్రం వేళల్లో తనిఖీ చేయాలి. తిరుపతిలోనే కాదు, చంద్రగిరి, పాకాల, పుత్తూరు లాంటి చోట్ల కూడా చేయాలి. చర్మవ్యాధుల డాక్టరు అందుబాటులో లేని పల్లెల వాళ్లకు మందుల షాపే మొదటి దిక్కు. షాపుల యజమానులకు కూడా ఒక మనవి: మీ ఫార్మసిస్టుకు ఒక్కో మనిషితో రెండు నిమిషాలు మాట్లాడే తీరిక ఇవ్వండి, కౌంటర్ పక్కన ఒక కుర్చీ వేయండి. ఒంటి మీది మచ్చ నలుగురి ముందు చూపించడానికి సిగ్గుపడే ఆడవాళ్లు ఎంతోమంది. అలాంటి వాళ్లు కూర్చుని అడగడానికి ఓ మూల చోటుంటే, చీటీ లేని ట్యూబు కోసం ఇంకో షాపు వెతుక్కోరు.

— ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి