నీ పదకొండు కోర్సుల లిస్టు గురించి

చిన్నీ,

వచ్చే ఏడాది ఇంట్లో ఏమేం చదవాలనుకుంటున్నావో రాసిచ్చావు కదా, నిన్న రాత్రి తీరిగ్గా కూర్చుని చదివాను. పదకొండు ఉన్నాయి. లెక్కలు, ఖగోళశాస్త్రం, పైథాన్ ప్రోగ్రామింగ్, ప్రపంచ చరిత్ర, సైగల భాష, పక్షులు, వాటర్ కలర్స్, ఇంకా ఎన్నో. నాకు చాలా సంతోషమేసింది. పదిహేనేళ్ళ వయసులో ఇన్నిటి మీద ఇష్టం ఉండటం మామూలు సంగతి కాదు. ఒక్కటి కూడా కొట్టెయ్యమని చెప్పను. కానీ అన్నిటినీ ఒకే పద్ధతిలో చదవాలనుకోవద్దు. కొన్ని రోజూ చెయ్యాల్సినవి, కొన్ని రెండు నెలలు చేసి పక్కన పెట్టగలిగినవి, కొన్నిటికి అసలు టైంటేబులే ఉండకూడదు. ఎక్కడైనా నా మాట నచ్చకపోతే ఆ పక్కనే రాసి తిరిగివ్వు, మాట్లాడుకుందాం.

లెక్కలు మాత్రం రోజూ ఉండాలి. ఈ ఒక్కదాంట్లో నేను పట్టు వదలను. చరిత్రలో ఫ్రెంచి విప్లవం చదివి, రెండు నెలలు ఆపి, తర్వాత రోమ్ సామ్రాజ్యం దగ్గరికి వెళ్ళినా నష్టం లేదు. లెక్కల్లో అలా కుదరదు. భిన్నాలు గట్టిగా రాకపోతే బీజగణితంలో తడబడతావు, అది రాకపోతే త్రికోణమితిలో అడుగడుగునా అనుమానమే. వరస తప్పకుండా చదవడానికి ఖాన్ అకాడమీ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల సైటు బాగుంటుంది. సల్మాన్ ఖాన్ (సినిమా హీరో కాదు, అదే పేరున్న అమెరికన్) 2004లో తన బంధువుల అమ్మాయి ఒక్కదానికి దూరం నుంచి లెక్కలు చెప్పడంతో మొదలైన పని అది. ఒక్కరికే చెబుతున్నట్టుండే ఆ తీరు నీకు నప్పుతుందని నా నమ్మకం. దానితోపాటు సమీకరణాలకు గ్రాఫులు గీసి చూపించే జియోజీబ్రా తెరిచి పెట్టుకో. సమీకరణంలో ఒక అంకె మారిస్తే గీత ఎటు వంగుతుందో కళ్ళతో చూసినప్పుడు, సూత్రం బట్టీ పట్టాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

ఇంట్లో చదువుకునేవాళ్ళకు ఈ రోజుల్లో పాఠాలు దొరక్కపోవడమనే బాధ లేదు. ఉన్న బాధల్లా వీడియో చూడగానే వచ్చేసినట్టు అనిపించడం. చెప్పేవాళ్ళు అంత బాగా చెబుతారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి, కాగితం మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా రాసినవాళ్ళు ముందుకొచ్చారు. అందుకే అప్పటికప్పుడు ‘నాకు వచ్చేసింది’ అనిపించడాన్ని నమ్మొద్దు. ఒక వీడియో అయ్యాక వెంటనే రెండోది పెట్టకు. ల్యాప్‌టాప్ మూసి, తెల్ల కాగితం మీద నీ మాటల్లో రాయి. రానిచోట ఖాళీ వదిలెయ్యి. మళ్ళీ చూడాల్సింది ఆ ఖాళీల కోసమే.

విద్యుత్తు మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే సంగతి నీకు తెలుసు. బడి చదువు పెద్దగా లేదు. 14 ఏళ్ళకు పుస్తకాల బైండింగ్ పనిలో చేరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. చదివిన ప్రయోగాల్ని తన స్తోమతకు తగ్గ సామానుతో చేసి చూసుకునేవాడు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినే అవకాశం దొరికితే, విన్నదంతా బొమ్మలతో సహా శుభ్రంగా తిరగరాసి, తనే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాదికి ఆయన దగ్గరే అసిస్టెంటు అయ్యాడు. అదే ఉపన్యాసాలు ఎందరో విన్నారు. ఫారడే వాటిని తన చేత్తో మళ్ళీ తయారుచేశాడు. నువ్వు చదివే ప్రతి కోర్సు నుంచీ అలా ఏదో ఒకటి బయటికి రావాలని నా కోరిక. చిన్న ప్రోగ్రాం కావచ్చు, నాలుగు పేజీల వ్యాసం కావచ్చు, నువ్వే గీసిన మ్యాపు కావచ్చు. సర్టిఫికెట్ గురించి నేను అడగను.

అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన పాఠాల్ని ఉచితంగా పెట్టిన ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఫిజిక్స్ చూస్తానన్నావు. చూడు, కానీ మొదటి లెక్చర్‌తో మొదలుపెట్టకు. ముందు అభ్యాసాల కాగితం తెరువు. ప్రశ్న ఏమడుగుతోందో అర్థమైతే ఆ కోర్సు నీకు అందుతుంది. ప్రశ్నే అర్థం కాకపోతే, అందులో తెలియని మాటలేంటో రాసుకో. ముందుగా నేర్చుకోవాల్సినవి అవే. ఈలోగా ఫెట్ సిమ్యులేషన్లతో, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలతో ఆడుకో. నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి అవి. తీగల్లో కరెంటు ఎలా పారుతుందో, లోలకం పొడవు మారితే ఏమవుతుందో నువ్వే మార్చి చూడొచ్చు.

ఖగోళశాస్త్రం, పైథాన్ రెండిటికీ వేరువేరు గంటలెందుకు? కలిపేద్దాం. చంద్రుడు రోజూ ఎంత ఆలస్యంగా ఉదయిస్తున్నాడో నెలరోజులు రాసుకుని, ఆ అంకెలతో గ్రాఫ్ గీసే ప్రోగ్రాం రాయి. గెలాక్సీ జూలో కూడా చేరు. 2007లో మొదలైన ఆ ప్రాజెక్టులో ఎవరైనా గెలాక్సీల ఫొటోలు చూసి వాటి ఆకారాన్ని గుర్తించవచ్చు. ఆ ఏడాదే హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ స్కూలు టీచరు ఒక ఫొటోలో ఎవరూ పట్టించుకోని వింత మచ్చ చూసి ‘ఇదేంటి?’ అని అడిగింది. అదొక పెద్ద వాయు మేఘమని, పక్కనున్న గెలాక్సీ నడిబొడ్డు నుంచి ఒకప్పుడు వచ్చిన వెలుతురుతో మెరుస్తోందని తర్వాత తేలింది. దానికి ఆమె పేరే పెట్టారు. అడగడానికి డిగ్రీ అక్కర్లేదు తల్లీ, ఓపిగ్గా చూడటం కావాలి.

వాటర్ కలర్స్ జోలికి నేను రాను. లిస్టులో దాని పక్కన ‘వారానికి మూడు గంటలు, ఆన్‌లైన్ కోర్సు’ అని రాశావు. బొమ్మలు వెయ్యి, ఆ గంటలూ కోర్సూ మాత్రం తీసెయ్యమని నా సలహా. ఇష్టంగా చేసే ప్రతిదాన్నీ సబ్జెక్టుగా మారిస్తే, అలసిపోయినప్పుడు వెళ్ళడానికి నీకంటూ చోటుండదు. పక్షుల నోట్‌బుక్కూ అంతే. తేదీ, వేళ, చోటు, ఆ పక్షి ఏం చేస్తోంది, ఇవి మాత్రం తప్పకుండా రాయి. ఎప్పుడైనా వాటిని, ఎవరైనా తాము చూసిన పక్షుల వివరాలు పెట్టగలిగే ఈబర్డ్ సైటులో పెట్టాలనిపిస్తే శాస్త్రవేత్తలకు కూడా పనికొస్తాయి. పెట్టకపోయినా పర్వాలేదు.

పొద్దున్నే లేవడం గురించి టెన్షన్ పడకు. మీ వయసులో శరీరంలోని గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తుంది, రాత్రి నిద్ర త్వరగా రాదు. ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మన చదువు ఇంట్లోనే కాబట్టి లెక్కలు పదింటికి పెట్టుకుందాం. నెలాఖరున మాత్రం ఏ కోర్సు, ఎక్కడ చదివావు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏం తయారుచేశావు అన్నది ఫైల్లో రాసి పెట్టు. రేపు కాలేజీవాళ్ళు అడిగినప్పుడు రెండేళ్ళ కిందటివి గుర్తు తెచ్చుకోవడం చాలా కష్టం.

ఇంకో సంగతి. నీ వ్యాసాలు దిద్దడానికి నేను కాకుండా మరొకరు కావాలి. నువ్వు సగం చెప్పి వదిలేసినా నాకు మిగతా సగం అర్థమైపోతుంది, నీ గురించి అంత తెలుసు కాబట్టి. కొత్తవాళ్ళకు అలా అర్థం కాదు. ‘ఇక్కడ ఏమంటున్నావు?’ అని వాళ్ళు అడిగిన చోటే నువ్వు రాయడం నేర్చుకుంటావు.

సైగల భాషకైతే మనుషులు మరీ అవసరం. ప్రపంచమంతటికీ ఒకే సైగల భాష లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో మాట్లాడే ఇంగ్లీషు ఒకటే అయినా, వాళ్ళ సైగల భాషలు ఒకరివి ఒకరికి అర్థం కావు. అమెరికాది ఫ్రెంచి సైగల భాషకు దగ్గర. కాబట్టి యాప్‌లో ఏది ముందు కనిపిస్తే అది మొదలుపెట్టకు. నువ్వు ఎవరితో మాట్లాడాలనుకుంటున్నావో, వాళ్ళ భాష నేర్చుకో. ముఖ కవళికలు కూడా అందులో వ్యాకరణమే. వాటిని ఎదురుగా ఉండి సరిచేసే వినికిడి లేని టీచరు దొరికితే అంతకన్నా ఏం కావాలి? అలాంటి ఒకావిడ గురించి తెలిసింది, అడ్రస్ ఈ కాగితం వెనక రాశాను. ఆవిడకు ఉత్తరం నువ్వే రాయి. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావో, వారంలో ఎప్పుడెప్పుడు రాగలవో చెప్పు. పంపే ముందు నాకు చూపించక్కర్లేదు.

ప్రేమతో,
అమ్మ