ముందు కాలవ, తర్వాతే ఇల్లు

ఎడిటర్ గారికి నమస్కారం,

తిరుపతి గ్రేటర్ అవుతుందని, చుట్టుపక్కల పల్లెలన్నీ ఊళ్లో కలిపేస్తారని చాలా రోజులుగా వింటానే ఉన్నాం. ఎక్కడ చూసినా ఒకటే చర్చ, కలిపితే ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది, అంకణం రేటు ఎంతకి పోతుంది. కాలవల గురించి, బడుల గురించి అడిగేవాళ్లే లేరు. అందుకని నేను చూసొచ్చిన ఒక ఊరి సంగతి రాస్తున్నా. లెటర్ పెద్దదైందనిపిస్తే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ కాలవ గురించి రాసింది మాత్రం ఉంచండి.

మా అమ్మాయి, అల్లుడు నార్వేలో ఉంటారు, ఆస్లో నుంచి ట్రైన్‌లో ముప్పావుగంట లోపే, యెస్‌హైమ్ అని ఒక టౌన్. ఉల్లెన్‌సాకర్ అనే మున్సిపాలిటీకి అది హెడ్‌క్వార్టర్. మున్సిపాలిటీని వాళ్లు కొమ్మూనె అంటారు, టౌను, పల్లెలు, పొలాలు, అడవి అన్నీ కలిపి ఒకటే, దాదాపు 250 చదరపు కిలోమీటర్లు. 1998 అక్టోబర్ 8న ఆస్లో పాత ఎయిర్‌పోర్టు ఫోర్నెబూని మూసేసి విమానాలన్నీ గార్డెర్మోన్‌కి మార్చారు, ఆ గార్డెర్మోన్ ఎక్కువ భాగం ఉల్లెన్‌సాకర్‌లోనే ఉంది, ఇంకొంచెం పక్కనున్న నన్నెస్టాడ్‌లోకి పోతుంది. అంతకుముందు అక్కడుండేది మిలిటరీ ఎయిర్‌బేస్, చుట్టూ పొలాలు. ఎయిర్‌పోర్టు వచ్చాక జనాభా రెట్టింపు దాటింది, ఇప్పుడు 40 వేలకు పైమాటే. నలభై వేలకే ఇంత కథా అని నవ్వకండి, మనకది కొన్ని డివిజన్ల జనం గానీ ఆ దేశం మొత్తం కలిపితేనే 55 లక్షల చిల్లర.

నాకు ఆ ఊరు చూస్తుంటే మన ఊరే గుర్తొచ్చింది. ఊళ్లో ఉండేవాళ్ల కంటే వచ్చిపోయేవాళ్ల మీద బతికే ఊళ్లు రెండూ. గార్డెర్మోన్‌లో 2019లో దిగి ఎక్కినవాళ్లు 2 కోట్ల 80 లక్షల పైన, మన కొండకి వచ్చే భక్తులు కూడా ఏడాదికి రెండు కోట్లు దాటుతారు కదా. 2020లో కరోనాకి విమానాలు ఆగిపోతే ఉల్లెన్‌సాకర్‌లో ఒక్కసారిగా నిరుద్యోగం పెరిగిపోయింది, హోటళ్లు, ట్యాక్సీలు, ఎయిర్‌పోర్టు షాపులు అన్నీ బంద్. మనకీ మార్చి 20న దర్శనాలు ఆగి జూన్‌లో మళ్లీ మొదలయ్యేదాకా లాడ్జీలవాళ్లు, జీపు డ్రైవర్లు, పూలమ్ముకునేవాళ్లు ఎట్లా బతికారో మీ పేపరోళ్లకి చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ ఉద్యోగం పోయినవాళ్లకి ప్రభుత్వం భృతి ఇచ్చింది, ఇక్కడ ఎవరి తిప్పలు వాళ్లు పడ్డారు.

ఇంగ అసలు విషయానికొస్తా. ఇంత స్పీడుగా పెరిగిన ఊళ్లో రోడ్ల మీద మురుగు పారాలి కదా, పారట్లేదు ఎందుకని అల్లుణ్ణి అడిగితే ఒక రూలు చెప్పాడు. వాళ్ల ప్లానింగ్ అండ్ బిల్డింగ్ చట్టం 2008 నాటిది, ఒక ఏరియాకి ప్లాను వేసేటప్పుడే ఏది ముందు కట్టాలో ఏది తర్వాత కట్టాలో కొమ్మూనె షరతు పెట్టొచ్చు అని అందులో రాసుంది. రోడ్డు, నీళ్లు, మురుగు లైను, కరెంటు, స్కూలు, పిల్లల బడి (అంటే స్కూలుకి ముందు పంపే కిండర్‌గార్టెన్), ఇవి సరిపడా లేకపోతే అక్కడ ఇళ్లు కట్టడానికే లేదు అని చెప్పొచ్చు. చెప్పడమే కాదు, డెవలపర్‌తో అగ్రిమెంటు రాయించుకుని ఆ రోడ్డు ఖర్చులో, పైపుల ఖర్చులో వాళ్ల చేత కూడా పెట్టిస్తారు. మన దగ్గర వరస తిరగబడి ఉంటుంది. ముందు పొలంలో గ్రావెల్ తోలి రాళ్లు పాతుతారు, ఆర్చి కడతారు, రిజిస్ట్రేషన్లు అయిపోతాయి, ఇళ్లు లేస్తాయి, ఆ తర్వాత జనం నీళ్ల కోసం ట్యాంకర్ వెనక పరిగెడతారు, ఇంకొన్నేళ్లకి ఎల్‌ఆర్‌ఎస్ అనో బీపీఎస్ అనో, పర్మిషన్ లేని లేఅవుట్లని, ఇళ్లని సక్రమం చేసే స్కీము వస్తుంది, డబ్బులు కడితే కాగితం మీద రెగ్యులర్ అయిపోతుంది. కాగితం వచ్చినంత మాత్రాన కాలవ రాదు కదండీ.

మా అమ్మాయి ఉండే ఇంటి పక్కాయన గ్యారేజీ కట్టుకోవాలనుకున్నాడు. అప్లికేషన్ పెట్టే ముందే మా వాళ్లకి నోటీసు పంపాడు, అందులో డ్రాయింగు, ఎత్తెంత, హద్దు నుంచి ఎంత దూరం అన్నీ ఉన్నాయి, అభ్యంతరం ఉంటే చెప్పడానికి రెండు వారాలు టైము. మంచి మనిషి కాబట్టి పంపలేదు, చట్టం పంపమంటుంది కాబట్టి పంపాడు. మా వీధిలో ఒకాయన ఇంటి చుట్టూ ఖాళీ వదలాల్సిన సెట్‌బ్యాక్ మొత్తం మింగేసి, మెట్లు రోడ్డు మీదకి దించి, కారు ఎక్కడానికి కాలవ మీద సిమెంటు ర్యాంపు పోశాడు, ఆ ర్యాంపు కింద ప్లాస్టిక్ కవర్లు, మట్టి ఇరుక్కుని నీళ్లు కదలవు, వాన పడితే ఆ నీళ్లు ఎదురింట్లోకి. అడిగితే నీకేం నష్టం అంటాడు. ఎదురిల్లు మాదే.

2021 నవంబర్ వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోయుండరు. రోడ్లన్నీ వాగులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. వాన ఎక్కువ పడింది, నిజమే, కానీ చెరువులు, కాలవలు పూడ్చి ప్లాట్లు వేస్తే నీళ్లు ఎటు పోతాయి, కొండ మీదికైతే ఎక్కవు కదా.

నార్వేవాళ్లకి అన్నీ తెలుసని నేను అనట్లేదు. ఉల్లెన్‌సాకర్ పక్కనే యెర్‌డ్రమ్ అని ఇంకో కొమ్మూనె ఉంది, 2020 డిసెంబర్ 30 తెల్లవారుజామున అక్కడ ఆస్క్ అనే ఊళ్లో నేల జారిపోయి ఇళ్లతో సహా కిందికి పోయింది, పదిమంది చనిపోయారు. అది క్విక్ క్లే అనే నేల, ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మట్టి, చూడ్డానికి గట్టిగా ఉంటుంది, కదిలిందంటే నీళ్లలా పారుతుంది. ప్రభుత్వం వేసిన కమిటీ, పక్కనున్న చిన్న వాగు ఏళ్ల తరబడి ఒడ్డు కోసేయడమే ముఖ్య కారణమని తేల్చింది. చిన్న వాగే కదా అని వదిలేశారన్నమాట. అట్లాగే ఆస్లో నుంచి ఎయిర్‌పోర్టు వైపు ఫాస్ట్ ట్రైన్ కోసం పద్నాలుగున్నర కిలోమీటర్ల టన్నెల్ తవ్వితే లోపలికి నీళ్లు కారి పైన అడవిలో చెరువుల మట్టం పడిపోయింది, పెద్ద గొడవై, 1998లో ఎయిర్‌పోర్టుతో పాటు తెరవాల్సిన టన్నెల్ 1999లో గానీ తెరవలేదు. పొలాల సంగతీ అంతే, దేశం మొత్తంలో సాగుభూమి 3 శాతం దగ్గరే, అందులో మంచి నేల ఈ చుట్టుపక్కలే, దాని మీదే ఇళ్లు, గోడౌన్లు కడుతున్నారని అక్కడి రైతులకీ కోపమే. చంద్రగిరి వైపు వరి మళ్లు ఏమయ్యాయో చూసినవాళ్లకి ఆ కోపం అర్థమవుతుంది.

డబ్బుల విషయం కూడా చెప్పాలి. అక్కడ ఉద్యోగస్తుడు కట్టే ఆదాయపు పన్నులో ఒక వాటా తను ఉండే కొమ్మూనెకే పోతుంది, ఆ డబ్బుతోనే పదో తరగతి దాకా బడులు, ముసలోళ్ల సంరక్షణ, నీళ్లు, డాక్టరు. స్పీడుగా పెరిగే కొమ్మూనెలకి ప్రభుత్వం విడిగా గ్రాంటు కూడా ఇస్తుంది, ఎందుకంటే జనం ముందొస్తారు, పన్ను తర్వాత వస్తుంది, స్కూలేమో ఆ రోజే కావాలి. ఏడాది నిండిన పిల్లలకి పిల్లల బడిలో సీటు 2009 నుంచి చట్టప్రకారం హక్కు, సీటు చూపించాల్సింది కొమ్మూనెనే, అందుకని ఎంతమంది పుట్టారు, ఎంతమంది కొత్తగా వచ్చారు అని ఎప్పటికప్పుడు లెక్క చూసుకుంటారు, మూడు నెలలకోసారి ప్రతి కొమ్మూనె జనాభా లెక్క బయటికొస్తుంది. మన తిరుపతి ఇంకా 2011 లెక్కలోనే ఉంది, కార్పొరేషన్‌లో దాదాపు 2 లక్షల 87 వేలని. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంట్లు రాష్ట్రాలకి పంచేటప్పుడు ఎక్కువగా చూసింది కూడా 2011 జనాభానే. తర్వాతి జనగణన 2027 అంటున్నారు. ఈ మధ్యలో వచ్చి చేరినవాళ్లంతా మంచినీళ్లు తాగట్లేదా ఏంది.

ఇంకోటి, మా అమ్మాయి ఇండియా పాస్‌పోర్టుతోనే 2023లో అక్కడ లోకల్ ఎలక్షన్లో ఓటేసింది, మూడేళ్లు వరసగా ఉంటే పరాయి దేశస్తులకి కూడా కొమ్మూనె ఓటు ఉంటుందట. మన తిరుపతి 2007లో కార్పొరేషన్ అయితే మొదటి కార్పొరేషన్ ఎలక్షన్ 2021లో జరిగింది. పద్నాలుగేళ్లు కాలవ గురించి అడగడానికి మనకంటూ ఒక కార్పొరేటర్ కూడా లేడు.

నేను అడిగేది శానా చిన్నది. గ్రేటర్ చేసుకోండి, వద్దనట్లేదు, కానీ కలిపే ముందు ఆ పల్లెల్లో ఒక్కో లేఅవుట్‌కి మురుగు ఎక్కడికి పోతుంది, వాననీళ్లు ఏ చెరువులో కలుస్తాయి, మంచినీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, పిల్లలు ఏ బడికి పోవాలి, ఈ నాలుగూ రాసి ఆఫీసు బయట గోడకి అంటించమనండి. కొత్త అపార్ట్‌మెంట్లకి కాలవ పూర్తయ్యాకే, జనం చేరొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇస్తాం అని ఆర్డరు వేయమనండి. మీ రిపోర్టర్లని ఒక్కో ఆదివారం ఒక్కో లేఅవుట్‌కి పంపి, బ్రోచర్‌లో వేసిన డ్రైనేజీ నేల మీద ఉందో లేదో ఫోటోతో సహా వేయండి. మా కాలనీకి కూడా రావచ్చు, ర్యాంపు నేనే చూపిస్తా.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ టీచర్,
తిరుపతి