ఫిర్యాదు లేఖ: అంతర్జాతీయ మ్యాచ్‌ల సాకు, క్లబ్ యాజమాన్యం లోపాలు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రతులు: ఫుట్‌బాల్ డైరెక్టర్ గారికి, టికెట్ విభాగం అధికారికి

విషయం: జాతీయ జట్ల పిలుపులకు తగ్గ ఏర్పాట్లు చేయకపోవడం, సీజన్ టికెట్‌దారులకు జరిగిన నష్టం గురించి.

అయ్యా,

మీ కంపెనీ నడిపే ఫుట్‌బాల్ క్లబ్‌కు సీజన్ టికెట్లు కొన్న అభిమానుల సంఘం తరఫున ఈ లేఖ రాస్తున్నాం. జట్టు వరసగా ఓడినా, ముఖ్యమైన ఆటగాడు గాయపడినా మీరు ఇచ్చే వివరణ ఒక్కటే: అంతర్జాతీయ మ్యాచ్‌లు మా లెక్కలు తలకిందులు చేశాయి అని. ఈ మాట మీద మా సంఘంలోనే రెండు పక్షాలున్నాయి. ఆటగాళ్లను జాతీయ జట్లే పీల్చి పిప్పి చేస్తున్నాయని ఒక పక్షం, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ తీరని రెండో పక్షం. ఆ వాదన ఇప్పట్లో తెగదు. అయితే కింద రాసిన విషయాల్లో మాత్రం రెండు పక్షాలకూ తేడా లేదు. తేదీలు ముందే తెలుసు, నిబంధనలు రాసి ఉన్నాయి, మీరు వాటిని పట్టించుకోలేదు.

ముందుగా క్యాలెండర్. 2025 నుంచి 2030 వరకు పురుషుల అంతర్జాతీయ విండోల (క్లబ్‌లు తమ ఆటగాళ్లను జాతీయ జట్లకు వదలాల్సిన రోజుల) రూపురేఖలను ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2023లోనే ఖరారు చేసింది. సెప్టెంబరు, అక్టోబరు విండోలు 2026 నుంచి కలిసిపోయి, 16 రోజుల్లో నాలుగు మ్యాచ్‌ల పెద్ద విండో అవుతాయని అప్పుడే తేలింది. మొరాకోలో ఆఫ్రికా నేషన్స్ కప్ 2025 డిసెంబరు 21న మొదలై 2026 జనవరి 18న ముగుస్తుందని 2024 జూన్‌లోనే ప్రకటించారు. ఆ ప్రకటన తర్వాత టోర్నీ మొదలయ్యేలోపు మూడు ట్రాన్స్‌ఫర్ విండోలు (క్లబ్‌లు కొత్త ఆటగాళ్లను తీసుకోగల గడువులు) తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అయినా డిసెంబరు నాటికి మన జట్టులో డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్, అంటే రక్షణ వరసకు ముందు నిలబడే స్థానంలో ఆడగల ఇద్దరూ ఆ టోర్నీకి వెళ్లాల్సినవాళ్లే. మూడోవాడు లేడు. కుడివైపు రక్షణ చూసే రైట్ బ్యాక్‌ను తెచ్చి మధ్యలో నిలబెట్టారు. దాంతో రైట్ బ్యాక్ స్థానమూ బలహీనపడింది. ఒక ఖాళీని పూడ్చబోయి రెండు చేసుకున్నారు.

ఆటగాళ్లను తప్పనిసరిగా వదలాల్సిన తేదీని ఫిఫా డిసెంబరు 8 నుంచి 15కు జరిపింది. క్లబ్‌లకు అనుకోకుండా ఒక వారం కలిసొచ్చింది. ఆ తర్వాతి లెక్క వేళ్ల మీద వేయొచ్చు. గ్రూపు దశ డిసెంబరు 31న ముగిసింది కాబట్టి అక్కడే ఇంటిముఖం పట్టిన ఆటగాడు 17 రోజులు దూరమవుతాడు. ఫైనల్ దాకా వెళ్లినవాడైతే 35 రోజులు. ఏ ఆటగాడి దేశం ఎంత దూరం వెళ్లొచ్చో అంచనా వేసి, ఆ రోజుల్లో మనకున్న లీగ్, కప్ మ్యాచ్‌లను పక్కన రాసుకుంటే ఏ స్థానంలో ఎన్ని మ్యాచ్‌లకు మనిషి తక్కువో సెప్టెంబరులోనే కనిపించేది. మీరు వేరే క్లబ్ నుంచి అప్పు మీద ఆటగాణ్ణి తెచ్చింది జనవరి చివరి వారంలో. అప్పటికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి శిక్షణలో ఉన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ అప్పు ఆటగాడి జీతం మాత్రం సీజన్ ఆఖరు దాకా కట్టాలి.

ఇది మళ్లీ జరగబోతోంది కాబట్టే గట్టిగా చెబుతున్నాం. సౌదీ అరేబియాలో ఆసియా కప్ 2027 జనవరి 7 నుంచి ఫిబ్రవరి 5 వరకు ఉంది. మన లెఫ్ట్ వింగర్, అతని స్థానంలో దిగే కుర్రాడు ఇద్దరూ ఆసియా జట్ల వాళ్లే. మేం అడిగేది మామూలు నియమం: ఏ స్థానంలోనైనా మొదటి ఆటగాడు, రెండో ఆటగాడు ఇద్దరూ ఒకే ఖండపు టోర్నీకి పోయే పరిస్థితి ఉండకూడదు. ఒప్పందం కుదుర్చుకునే ముందు చూడాల్సిన వాటిలో వయసు, గాయాల చరిత్ర, జీతం ఎలా ఉంటాయో ఇదీ అలాగే ఉండాలి.

కోచ్‌ను మార్చిన తీరు మరీ విడ్డూరం. కారణాలు మీకు తెలుసు, వాటి జోలికి పోం. ఎంచుకున్న సమయం గురించే మా ఫిర్యాదు. అంతర్జాతీయ విరామంలో రెండు వారాలు ఖాళీ దొరుకుతుంది, కొత్త కోచ్ జట్టును చక్కదిద్దుకుంటాడు అన్నారు. ఏ జట్టును? మొదటి పదకొండు మందిలో సగానికి పైగా ఆ రెండు వారాలూ తమ దేశాల శిబిరాల్లో ఉన్నారు. మామూలు విండో సోమవారం మొదలై తర్వాతి వారం మంగళవారం రాత్రికి ముగుస్తుంది. మంగళవారం ఆడినవాడు బుధవారం ప్రయాణంలో ఉంటాడు, గురువారం తేలికపాటి కసరత్తుతో కోలుకుంటాడు, శనివారం మ్యాచ్. అంటే కొత్త కోచ్ చేతికి పూర్తి జట్టు దొరికేది శుక్రవారం ఒక్క సెషన్. అందులోనే కార్నర్ల దగ్గర ఎవరు ఎవరిని కాయాలి, బంతి పోగానే ఎక్కడ ఒత్తిడి పెట్టాలి అన్నీ చెప్పాలి. ఆ శనివారం మనం వదిలిన గోల్స్ రెండూ కార్నర్ల నుంచే రావడంలో ఆశ్చర్యం లేదు. మార్చక తప్పదనుకుంటే సీజన్ ముగిశాక మార్చాలి. లేదంటే విరామం లేని వారంలో, ఆటగాళ్లంతా మైదానంలో ఉన్నప్పుడు మార్చాలి.

ఇక గాయాలు. ఆటగాడు విండో ముగిసిన 24 గంటల్లో క్లబ్‌కు చేరాలి. తన క్లబ్ ఉన్న ఖండ సమాఖ్య పరిధి దాటి వేరే ఖండంలో ఆడితే 48 గంటలు. ఆలస్యమైతే, తర్వాతి పిలుపులో అతణ్ణి వదిలే కాలాన్ని కుదించమని ఫిఫాను కోరే వీలు క్లబ్‌కు ఉంది. మీరు ఒక్కసారైనా కోరారా? మన స్ట్రైకర్ రెండుసార్లు శుక్రవారం ఉదయానికి గానీ రాలేదు. రెండుసార్లూ శనివారం మధ్యాహ్నం మొదటి నిమిషం నుంచి ఆడించారు. రెండోసారి తొడ వెనక కండరం పట్టేసింది. ఖండాలు దాటి వచ్చిన శరీరం సుమారుగా ఒక్కో టైమ్ జోన్‌కు ఒక్కో రోజు చొప్పున సర్దుకుంటుంది, తూర్పు దిశగా వస్తే ఇంకాస్త ఎక్కువే పడుతుంది. నిద్ర సరిపోని, మ్యాచ్ అలసట తీరని కండరంతో పూర్తి వేగంగా పరుగెత్తిస్తే తెగేది అక్కడే. ఇది మీ ఫిజియోలకు మేం చెప్పాల్సిన సంగతి కాదు. వాళ్లు వద్దంటే వినే ఏర్పాటు ఉందా అన్నదే మా ప్రశ్న.

జాతీయ జట్టు శిబిరంలో ఆటగాడు ఎంత దూరం, ఎంత వేగంతో పరుగెత్తాడో జీపీఎస్ వివరాలు తెప్పించుకోండి. వచ్చిన రోజే తొడ కండరాల బలం కొలిచి, అతని మామూలు స్థాయితో పోల్చి చూడండి. తేడా ఉంటే బెంచ్ మీద ఉంచండి, ఆఖరి 20, 25 నిమిషాలకు దించండి. ఐదుగురిని మార్చే వీలు 2022 నుంచి ఆట నియమాల్లో శాశ్వతమైంది. ఆ మార్పులకు ఆట మధ్యలో మూడు సందర్భాలు, హాఫ్‌టైమ్ అదనం. మన జట్టు ఆ ఐదింటిలో మూడింటిని 85వ నిమిషం దాటాక వాడుతోంది. అలసిన కాళ్లు 60వ నిమిషానికే బరువెక్కుతాయి, అప్పటికి మార్చకపోతే ఆ నియమం ఉండి లాభమేమిటి?

డబ్బు విషయంలో మీ వాదన అస్సలు నిలవదు. టికెట్ల ధర పెంచుతూ ఇచ్చిన ప్రకటనలో జాతీయ జట్లకు ఆడుతూ గాయపడిన వాళ్ల జీతభారాన్ని ఒక కారణంగా చూపించారు. ఫిఫా క్లబ్ రక్షణ పథకం ఉన్నదే అందుకు. జాతీయ సీనియర్ జట్టుకు వెళ్లి గాయపడిన ఆటగాడు వరసగా 28 రోజులకు మించి ఆడలేకపోతే, ఆ తర్వాతి రోజుల స్థిర జీతాన్ని రోజుకు 20,548 యూరోల వరకు, గరిష్ఠంగా ఏడాది పాటు, అంటే సుమారు 75 లక్షల యూరోల దాకా ఆ పథకం చెల్లిస్తుంది. మొదటి 28 రోజులు, చికిత్స ఖర్చు క్లబ్ మీదే పడతాయి, నిజమే. ఆ 28 రోజులకు విడిగా బీమా తీసుకోవచ్చు. తీసుకున్నారా? గత సీజన్‌లో మోకాలి లిగమెంట్ తెగిన మన డిఫెండర్ విషయంలో ఈ పథకం కింద క్లెయిమ్ వేశారా, వేస్తే ఎంత వచ్చింది? దీనికి సూటిగా జవాబు కావాలి.

ఇంకో ఆదాయమూ ఉంది. ప్రపంచ కప్‌కు ఆటగాళ్లను పంపిన క్లబ్‌లకు 2022లో ఫిఫా మొత్తం 20.9 కోట్ల డాలర్లు పంచింది. ఒక్కో ఆటగాడికి రోజుకు సుమారు 10,950 డాలర్లు పడింది. టోర్నీకి ముందు రెండేళ్లలో అతను ఏయే క్లబ్‌లలో ఉన్నాడో వాటన్నిటికీ వాటా వెళ్లింది. 2026కు ఆ మొత్తం 35.5 కోట్ల డాలర్లు, ఈసారి క్వాలిఫయింగ్ మ్యాచ్‌లకు పంపిన క్లబ్‌లకు కూడా వాటా ఉంది. నష్టాన్ని ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో రాసేవాళ్లు ఈ రాబడిని వార్షిక లెక్కల్లో ఇతర ఆదాయం అనే పద్దులో కలిపేస్తే ఎలా?

పిలుపుల విషయంలో హక్కులను తలకిందులుగా వాడుతున్నారు. విండో మొదలయ్యే రోజుకు కనీసం 15 రోజుల ముందు పిలుపు రావాలి, క్లబ్‌కు లిఖితపూర్వకంగా చెప్పాలి, క్లబ్ ఆరు రోజుల్లో ధ్రువీకరించాలి. విండో బయట జరిగే మ్యాచ్‌లకు పంపాల్సిన బాధ్యత క్లబ్‌కు లేదు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు ఆటగాళ్లను పంపి తీరాలా అని బార్సిలోనా తదితర క్లబ్‌లు వెళ్లిన కేసులో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం క్లబ్‌ల పక్షానే తీర్పిచ్చింది. ఆ తర్వాత కూడా బార్సిలోనా మెస్సీని వెళ్లనిచ్చింది, అది వేరే సంగతి. హక్కు చేతిలో ఉంటే షరతులు మాట్లాడుకోవచ్చు. మీరు పద్దెనిమిదేళ్ల గోల్‌కీపర్‌ను విండో బయటి వయో విభాగ టోర్నీకి ఏ షరతూ లేకుండా పంపారు. పంపక తప్పని సీనియర్ విండోలోనేమో, గాయమని చెప్పి ఆపిన మిడ్‌ఫీల్డర్ గురువారానికల్లా పూర్తి శిక్షణలో కనిపించాడు, ఆ ఫొటో పెట్టింది కూడా మీ మీడియా విభాగమే! గాయం నిజమో కాదో తమ డాక్టరుతో పరీక్షించుకునే హక్కు జాతీయ సంఘానికి ఉంది. క్లబ్ విడుదల చేయకపోతే విండో ముగిశాక మరో ఐదు రోజులు అతణ్ణి క్లబ్‌కు ఆడించకుండా నిషేధం పడొచ్చు. ఆ ఐదు రోజుల్లో మనకు రెండు మ్యాచ్‌లున్నాయి. దొరికిపోకపోవడం అదృష్టం.

సీజన్ టికెట్‌దారులకు నేరుగా తగిలిన దెబ్బ వేరు. విరామాల తర్వాత నాలుగు మ్యాచ్‌ల తేదీలు మారాయి. రెండింటికి పది రోజుల ముందు కూడా చెప్పలేదు. రాలేనివాళ్లు సీటును ఇంకొకరికి బదలాయించబోతే, మీ యాప్ మ్యాచ్‌కు 72 గంటల ముందే ఆ ఏర్పాటును మూసేసింది. తేదీ మార్చింది మీరైనప్పుడు గడువు కూడా మీరే పొడిగించాలి. డిసెంబరు మ్యాచ్‌ల పోస్టర్ల మీద మొరాకోలో ఉన్న ఆటగాళ్ల బొమ్మలు వేసి టికెట్లు అమ్మడం గురించి ఏం రాయాలో మాకు తోచలేదు.

అదే పని రాబోయే సన్నాహక పర్యటనకూ చేస్తున్నారు. 48 జట్ల ప్రపంచ కప్ 2026 జూన్ 11 నుంచి జులై 19 వరకు ఉంది. ఫైనల్ చేరే జట్టు ఈసారి ఏడు కాదు, ఎనిమిది మ్యాచ్‌లు ఆడుతుంది. సీజన్ చివర కనీసం 21 రోజుల సెలవు ఉండాలని 2025 జులైలో ఫిఫా, ఆటగాళ్ల సంఘాల భేటీలో ఏకాభిప్రాయం కుదిరింది. ఫైనల్ ఆడినవాడికి ఆ సెలవు ఆగస్టు 9 దాకా నడుస్తుంది. అలాంటప్పుడు జులై చివరి పర్యటనలో "తారలందరూ" అని అమ్ముతున్న టికెట్లలో ఆ తారలెవరు? సెలవు కోసి వాళ్లను విమానం ఎక్కిస్తే సెప్టెంబరులో వచ్చే నాలుగు మ్యాచ్‌ల విండో నాటికి మళ్లీ పైన రాసిన గాయాల కథే.

కాబట్టి ఈ లేఖ అందిన 30 రోజుల్లో కిందివాటిని లిఖితపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. ఆసియా కప్‌కు వెళ్లే అవకాశమున్న ఆటగాళ్లు, ఒక్కో స్థానంలో ప్రత్యామ్నాయం ఎవరన్నది, వేసవి ట్రాన్స్‌ఫర్ విండో మూసుకునేలోపు ఖరారు చేస్తామనే హామీ. గత రెండు సీజన్లలో రక్షణ పథకం కింద వేసిన క్లెయిమ్‌లు, ఫిఫా నుంచి అందిన వాటాలు, లెక్కల్లో విడి పద్దుగా. ఖండాంతర ప్రయాణం చేసి 72 గంటలైనా గడవని ఆటగాణ్ణి ఆడించాలంటే వైద్య విభాగం సంతకం తప్పనిసరి చేయడం. తేదీ మారిన మ్యాచ్‌కు కనీసం 21 రోజుల ముందు సమాచారం, అలా చెప్పలేకపోతే ఆ మ్యాచ్ వాటా డబ్బు వాపసు, సీటు బదలాయింపు మ్యాచ్ రోజు ఉదయం దాకా. పర్యటన ప్రకటనల నుంచి రాని ఆటగాళ్ల బొమ్మలు తీసేయడం, వాళ్లను చూసి కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇవ్వడం.

పోస్టర్ల ఫొటోలు, మారిన తేదీల ప్రకటనలు, యాప్ తెర చిత్రాలు, పెంచిన ధరల ప్రకటన ప్రతి జతపరిచాం. జవాబు రాకపోతే సీజన్ టికెట్ల పునరుద్ధరణ గడువు లోపే వినియోగదారుల ఫిర్యాదుల విభాగానికి ఇవే కాగితాలు వెళతాయి.

భవదీయులు,
సీజన్ టికెట్ అభిమానుల సంఘం సభ్యులు