కౌన్సెలర్ మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

తమిళనాడు ఆరోగ్యశాఖ మంత్రిగారికి,

నమస్కారం. మాది నెల్లూరు. పదకొండేళ్లుగా చెన్నై అరుంబాక్కంలో ఉంటున్నాను, అకౌంట్స్ పని. నిరుడు మూడు నెలలు నిద్ర పట్టక ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ తెలుగువారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. తమిళంలో బేరమాడగలను గానీ బాధ చెప్పుకోలేను.

రెండోసారి వెళ్లినప్పుడు, నాతో ఉంటున్న అమ్మాయీ నేనూ జంట అని చెప్పాను. ఆవిడ పెన్నుకు మూత పెట్టేశారు. అంతే, నిద్ర సంగతి మళ్లీ ఎత్తలేదు. చిన్నప్పుడు నాన్న కొట్టేవారా, మగపిల్లలతో ఏదైనా చేదు అనుభవం ఉందా, ఇవే ప్రశ్నలు. తిట్టలేదు, ముఖం చిట్లించలేదు. “అమ్మా, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి” అన్నారు, ఎంతో ఆప్యాయంగా. తిట్టి ఉంటే లేచి వచ్చేసేదాన్ని. ఆ ఆప్యాయతకు కట్టుబడి ఇంకో నాలుగుసార్లు వెళ్లాను, సారికి పన్నెండు వందలు పోసి. (నాది థైరాయిడ్ అని తర్వాత రక్తపరీక్షలో తేలింది.)

చట్టాలు లేవనను. లైంగికత కారణంగా వివక్ష చూపకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. లైంగికతను ‘మార్చే’ వైద్యం కుదరదని 2021 జూన్‌లో మన మద్రాసు హైకోర్టే ఆదేశించింది. అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. కానీ కమిషన్ మాట డాక్టర్లకు. మా కౌన్సెలర్ డాక్టరూ కాదు, పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టూ కాదు. పైగా ఆవిడ నన్ను మారుస్తానని ఒక్కసారీ అనలేదు. ఉత్తినే ప్రశ్నలడిగారు. దీన్ని ఏ సెక్షన్ కింద రాయమంటారు?

కౌన్సెలర్లను కూడా నమోదు చేసే అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం 2021లోనే వచ్చింది. దాని కింద మన రాష్ట్రంలో నమోదయ్యే ప్రతి కౌన్సెలర్‌కూ ఈ విషయంలో శిక్షణ తప్పనిసరి చేయండి. తమిళంతో పాటు తెలుగులోనూ ఫిర్యాదు తీసుకునే చోటు ఒకటి పెట్టండి. ఆ హైకోర్టు న్యాయమూర్తి తనకు ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, ముందు తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. జడ్జిగారికి లేని నామోషీ వీళ్లకెందుకు?

పోయిన వారం బస్సులోంచి ఆవిడ బోర్డు చూశాను. కింద కొత్తగా ఒక లైను చేర్చారు: టీనేజ్ పిల్లలకు ప్రత్యేక కౌన్సెలింగ్.

ఇట్లు,
అరుంబాక్కం నుంచి ఒక తెలుగు మహిళ