తప్పు మంచుది కాదు

సంపాదకులకు నమస్కారం.

2021 ఫిబ్రవరి నాటి టెక్సాస్ మంచు తుపాను గురించి మీ పత్రిక ప్రవాసుల పేజీలో ఇటీవల వచ్చిన వార్త చదివాక ఈ లేఖ రాయక తప్పడం లేదు. సగం పేజీని మంచుబొమ్మల పక్కన నిలబడి నవ్వుతున్న మనవాళ్ల ఫొటోలే ఆక్రమించాయి. మిగిలిన కాస్త చోటులో జరిగినదంతా ‘ప్రకృతి ప్రకోపం’ అని తేల్చేశారు. అధికారులకు ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పాలా?

ఫిబ్రవరి 14, ఆదివారం నాడు డల్లాస్‌లో పడిన మంచు నాలుగైదు అంగుళాలు. చికాగోలో అయితే అంతమాత్రానికి ఎవరూ పని మానుకోరు. ఇది ఎండలకు అలవాటుపడిన ఊరు గనుక మంచు తోసే బండ్లు పెద్దగా లేవు, ఉన్న ఇసుక లారీలు వంతెనలకే చాలవు. పైగా అంతకు మూడు రోజుల ముందే ఫోర్ట్‌వర్త్‌లో రహదారిపై నీరు గడ్డకట్టి, వందకు పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అందుకే గడప దాటవద్దంటే అందరం బుద్ధిగా విన్నాం. కరోనా పుణ్యమా అని ఇంట్లో కూర్చోవడం ఏడాదిగా అలవాటే. ఆ ఇంట్లో కరెంటూ నీళ్లూ ఉండాలనుకోవడమే మేం కోరిన గొంతెమ్మ కోరిక.

సోమవారం తెల్లవారుజామున 1.25కి, ఈ రాష్ట్ర విద్యుత్ గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ సంస్థ కోతలకు ఆదేశించింది. వంతులవారీగా కాసేపు తీసి మళ్లీ ఇస్తామన్నారు. ఆస్పత్రులున్న లైన్లను ముట్టుకోకూడదు, మిగతా వాటికి తిప్పి తిప్పి ఇవ్వడానికి కరెంటు చాలదు. దాంతో వంతుల మాట గాలికి పోయి, 45 లక్షలకు పైగా ఇళ్లకూ వ్యాపారాలకూ సరఫరా నిలిచింది, చాలామంది రోజుల తరబడి చీకట్లోనే ఉండిపోయారు. అదే సమయంలో నగరం నడిబొడ్డున మనిషన్నవాడు లేని ఆఫీసు భవనాలు రాత్రంతా వెలుగుతూనే ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 నాటి కోతలను అనుభవించినవాళ్లం మేము. అప్పట్లో విద్యుత్ అధికారులను తిట్టని నోరు లేదు గానీ, ఏ వేళకు తీస్తారో ముందుగా పేపర్లో వేసేవారు, ఆ వేళ చూసుకుని మోటారు వేసుకునేవాళ్లం, పిండి రుబ్బుకునేవాళ్లం. అగ్రరాజ్యంలో మాకు ఆ మర్యాద కూడా దక్కలేదు. ఇంటర్నెట్ పోయి కూర్చున్న మాకు కరెంటు కంపెనీ పంపిన సందేశం, వివరాలకు తమ వెబ్‌సైట్ చూడమని.

మంగళవారం ఉదయానికి బయట మైనస్ 19 డిగ్రీల సెల్సియస్, ఈ ఊరు ఏడు దశాబ్దాలుగా ఎరగని చలి. గ్యాస్ హీటరున్న ఇళ్లలోనూ దాని ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలి. మా వంటింట్లో నానబెట్టిన గిన్నెలపై నీళ్లు మీగడలా గడ్డకట్టాయి. గొట్టాలు పగలకుండా కుళాయిలను సన్నగా కారనివ్వమని ముందు చెప్పినవారే, తర్వాత నీటి ఒత్తిడి పడిపోతోంది, కట్టేయమన్నారు. కట్టేశాం. పై వాటాలో గొట్టం పగిలింది, మా స్నానాలగది పైకప్పు తడిసి ఉబ్బి ముద్దలు ముద్దలుగా రాలింది. యాజమాన్యం ఫిర్యాదు సంఖ్య ఒకటి ఇచ్చింది. ఆ ఫిర్యాదూ పైకప్పూ ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. ఈతకొలనుపై గడ్డను పగలగొట్టి, మరుగుదొడ్డి కోసం బకెట్లతో నీళ్లు మోసుకున్నాం. కుళాయిలు తిరిగి వచ్చాక కాచుకుని తాగమని రాష్ట్రంలో కోటి మందికి పైగా ఆదేశాలిచ్చారు. కాచడానికి ఉన్నది కరెంటు పొయ్యి.

ఇదంతా అనుకోకుండా వచ్చిపడిన ఉపద్రవమైతే నోరు మూసుకుని ఉండేవాణ్ని. 1989 డిసెంబరులో ఇలాగే జరిగింది. 2011 ఫిబ్రవరిలో మళ్లీ జరిగితే ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) అధికారులు విచారణ చేసి, విద్యుత్ కేంద్రాలనూ గ్యాస్ బావులనూ చలికి తట్టుకునేలా సిద్ధం చేయాలని అదే ఏడాది నివేదిక ఇచ్చారు. తప్పనిసరి చేస్తే కంపెనీలకు ఖర్చు గనుక వాటి ఇష్టానికే వదిలేశారు. ఇదే రాష్ట్రంలోని ఎల్‌పాసో నగరం పశ్చిమ రాష్ట్రాల గ్రిడ్‌లో ఉంది, పైగా 2011 తర్వాత అక్కడి సంస్థ డబ్బు పెట్టి యంత్రాలను బాగుచేసుకుంది. అక్కడ కరెంటు పోయినవారు బహు కొద్దిమంది. మిగతా టెక్సాస్‌లో చాలా భాగం ఫెడరల్ పెత్తనం పొడ గిట్టక గ్రిడ్‌ను విడిగా ఉంచుకుంది, అవసరానికి పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకునే దారి కూడా దాదాపు మూసుకుంది. చట్టసభ విచారణలో బయటపడిన సంగతి ఇంకా ముచ్చటైనది. గ్యాస్ కేంద్రాలలో కొన్ని తాము అత్యవసరమని దరఖాస్తు నింపలేదట. వాటికీ కరెంటు తీసేశారు. ఆ గ్యాస్ రాక విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. కాగితం నింపకపోతే పని జరగకపోవడం మన తాలూకా ఆఫీసుల సొత్తని ఇన్నాళ్లూ గర్వపడుతూ వచ్చాం.

కోతలు మొదలైన ఆ సోమవారం తెల్లవారుజామున గ్రిడ్ మొత్తం కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఉందని ఎర్కాట్ తానే ఒప్పుకుంది. ఆగిపోయిన ఉత్పత్తిలో గ్యాస్‌దే పెద్ద వాటా అయితే, గవర్నర్ టీవీలో గాలిమరలను తప్పుపట్టారు. ఈ రాష్ట్ర సెనెటర్ టెడ్ క్రూజ్ కుటుంబంతో మెక్సికోలోని కాన్‌కూన్ సముద్రతీరానికి విమానమెక్కి, రచ్చయ్యాక వెనక్కి వచ్చారు. మామూలు రోజుల్లో పదుల డాలర్లుండే మెగావాట్ గంట టోకు ధరను అప్పటి 9,000 డాలర్ల గరిష్ఠ పరిమితికి చేర్చారు. 2021 మార్చిలో విద్యుత్ కమిషన్ అధ్యక్షురాలు రాజీనామా చేశారు, ఎర్కాట్ అధిపతిని సాగనంపారు. 2011 నివేదికను పక్కన పెట్టిన చట్టసభ సభ్యుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మీ వార్తలో ఇందులో ఒక్క ముక్కైనా లేదు.

టెక్సాస్ చట్టసభ రెండేళ్లకొకసారి, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. ఈ 2021 విడతకు గడువు మే 31. ఈ లోగా చట్టం చేసి చలికి తట్టుకునే ఏర్పాట్లను తప్పనిసరి చేయకపోతే, గవర్నర్ ప్రత్యేకంగా పిలిస్తే తప్ప 2023 జనవరి దాకా వారు తిరిగి కలవరు. మధ్యలో ఒక చలికాలం నిండుగా, ఇంకొకటి సగం వరకు గడిచిపోతాయి. ఇక్కడ ఓటున్న మన తెలుగువారు వేలల్లో ఉన్నారు. తమ సభ్యుడికి ఫోన్ చేసి, ఆ ఏర్పాట్లను తప్పనిసరి చేస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్న అడగమని మీ ప్రవాసుల పేజీలోనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఇర్వింగ్, టెక్సాస్