వార్షిక నివేదిక: నోటుపుస్తకం, రెండు గంటల నిద్ర

ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకునే మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా చిన్న విషయాలు. నెలవారీ సమావేశాలు మానకుండా జరిగాయి. సంఘం వాటర్ బెడ్, వీల్‌చెయిర్ ఇళ్లు మారుతూనే ఉన్నాయి. వీల్‌చెయిర్ కుడి చక్రం ఎవరింట్లో వంగిందో చెబితే తిట్టం, బాగుచేయిస్తాం. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు.

ఈ ఏడాది మనం ఎక్కువగా మాట్లాడుకున్నది మాత్రం ఒక నోటుపుస్తకం గురించి. మనతో కలిసి పనిచేసే నర్సింగ్ విద్యార్థిని ఒకరు 2015లో వెలువడిన హాంకాంగ్ అధ్యయనం గురించి చెప్పారు. అక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసే 102 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి రెండుసార్లు, నాలుగు వారాలపాటు, పనిలో కృతజ్ఞత కలిగించిన సంగతులు రాసింది. ఇంకో గుంపు చిరాకులు రాసింది. మూడో గుంపు ఏమీ రాయలేదు. కృతజ్ఞత రాసినవాళ్లలో ఒత్తిడి, దిగులు తగ్గాయట. మనమూ చూద్దామని ఒక పుస్తకం కొని సమావేశాల్లో చేతులు మార్చాం.

మొదటి పేజీలు చదివితే నవ్వొస్తుంది. ‘భగవంతుడి దయ’, ‘వైద్యులకు ధన్యవాదాలు’ అంటూ అన్నీ శుభలేఖ భాషే. మన ఇళ్లల్లో సొంతవాళ్లకు ధన్యవాదాలు చెప్పే అలవాటు లేదు కదా, కలం పట్టగానే బిగుసుకుపోయాం. ఎనిమిదో పేజీలో ఒకరు, ‘ఈ రోజు అత్తయ్య బతిమాలించుకోకుండా మాత్ర మింగింది’ అని రాశారు. అక్కణ్నుంచి పుస్తకానికి ప్రాణం వచ్చింది. ఆసుపత్రి వార్డులో మొదటి పోస్టింగులో పక్కబట్టలు మార్చిన అమ్మాయి, ‘ముసలమ్మ పొద్దుటినుంచి కసిరింది. సాయంత్రం మాత్రం నీ కడుపు చల్లగుండ అంది’ అని రాసింది. అనాటమీ హాల్లో అడుగుపెట్టే ముందు దేహదాతకు మొక్కి ప్రతిజ్ఞ చేసిన ఎంబీబీఎస్ కుర్రాడు, ఆ ముఖం చూశాక పుస్తకంలో ఒక్క ముక్కా రాయలేకపోయాడు. తేదీ మాత్రం వేశాడు.

వేసవి సమావేశంలో పెద్దావిడ ఒకరు పుస్తకం పక్కకు నెట్టేశారు. భర్తకు పక్షవాతం. పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రిళ్లు కూడా. “తెల్లార్లూ మేలుకున్నదాన్ని పట్టుకుని ఎవరికి రుణపడ్డావో రాయమంటే నాకు చెయ్యి రాదమ్మా. ముందు నిద్రపోనివ్వండి” అన్నారు. ఎవరమూ మాట్లాడలేకపోయాం. ఆవిడ చెప్పింది నిజం. చూసుకునేవాళ్లకు ఊరట దొరికే దారి చూడకుండా కృతజ్ఞత పాఠం చెప్పడం మన తప్పే, కార్యవర్గం తరఫున ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాతే ఆదివారం వంతులు మొదలుపెట్టాం. ఇద్దరు విద్యార్థులు రెండు గంటలు రోగి దగ్గర కూర్చుంటారు, ఇంటివాళ్లు పడుకుంటారో గుడికి వెళతారో వాళ్లిష్టం. ఒక ఇంట్లో మందుల వేళ తారుమారైంది. అప్పట్నుంచి చీటీ రాసి మంచం పక్కన అంటించాకే వంతు మొదలవుతోంది.

దసరా తర్వాత ఆ పెద్దావిడ పుస్తకం అడిగి తీసుకున్నారు. ‘మధ్యాహ్నం పడుకున్నాను. లేచేసరికి ఆ పిల్ల ఆయనకి పేపరు చదివి వినిపిస్తోంది. ఆయన వింటున్నారు’ అని రాశారు.

పరీక్షల నెలల్లో విద్యార్థులు రాలేరు. ఆ ఆదివారాలకు సభ్యులే పేర్లు ఇవ్వాలి. కాగితం బయట బల్లమీద ఉంది.

కార్యదర్శి