బడి తోటలకు నాపబండ ముక్కల మడులు

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ పాఠశాలల్లో కూరగాయలు పండించి పిల్లల భోజనంలోకి తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. మధ్యాహ్న భోజన పథకం 2021లో పీఎం పోషణ్‌గా పేరు మార్చుకున్నప్పుడు బడి తోటలకు కూడా అందులో చోటు దక్కింది. అయినా మా తాండూరు చుట్టుపక్కల తోట నిలదొక్కుకున్న బడులు తక్కువే. ఉపాధ్యాయులకు ఆసక్తి లేకపోవడమే దానికి కారణమని అనడం పరిపాటి అయింది. విశ్రాంత ఉపాధ్యాయుడిగా నేను దాన్ని ఒప్పుకోను. బడి ఆవరణ అంటే ఏళ్ల తరబడి మొరం పోసి, రోలరు తిప్పి, కొన్నిచోట్ల బండలు కూడా పరిచి గట్టిచేసిన నేల. గడ్డపార వేస్తే జానెడు దిగదు, వాన పడితే నీరు ఇంకదు. అలాంటి చోట మడులు తవ్వమనడం కన్నా, నేలను ముట్టుకోకుండా దాని మీదే అడుగెత్తు మడులు కట్టుకోమనడం తెలివైన పని.

ఎత్తు మడి అనగానే ప్లాస్టిక్ తొట్లు, గ్రో బ్యాగులు, ఇనుప స్టాండ్లు గుర్తొస్తాయి. నగరాల్లో మిద్దె తోటలకు అవి అవసరమే, ఎందుకంటే అక్కడ శ్లాబు మోయగల బరువు ముఖ్యం. బడి ఆవరణకు ఆ బాధ లేదు. నాకు తెలిసిన ఒక బడిలో కొన్న పలుచని సంచులు రెండో ఎండాకాలం దాటకుండానే పెళుసుబారి, ఎత్తబోతే చేతుల్లోనే చినిగి మట్టి కుప్పలైపోయాయి. మళ్లీ కొనడానికి డబ్బు లేదు.

అదే సమయంలో మా దగ్గర నాపబండలను, అంటే ఇళ్లలో నేలకు పరిచే సున్నపురాయి పలకలను, నునుపు చేసే పాలిషింగ్ యూనిట్ల పక్కన, రోడ్ల వెంబడి పనికిరాని నాపబండ ముక్కలు గుట్టలుగా పడి ఉంటున్నాయి. వాటిని పారబోయడమే యజమానులకు ఖర్చు, కాబట్టి అడిగితే కాదనేవారు అరుదు. అయితే వాటితో మడి కట్టే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది బండలను చేల గట్ల మీద పాతినట్టు నిలువుగా నిలబెట్టబోతారు. గట్టి నేలలో అవి లోతుగా దిగవు. నాలుగు వానలకు తడిసిన మట్టి లోపలి నుంచి నెట్టడంతో బయటికి ఒరుగుతాయి, పిల్లల కాళ్ల మీద పడే ప్రమాదమూ ఉంటుంది. మన పాత ఇళ్ల గోడల్లాగా ముక్కలను పడుకోబెట్టి, అతుకు మీద అతుకు రాకుండా, మట్టి అడుసుతో పేర్చాలి. జానెడు వెడల్పు, అంగుళం మందం ముక్కలు 12 వరుసలు పేరిస్తే అడుగు ఎత్తు వస్తుంది. చాలా ముక్కలకు యంత్రం కోసిన నున్నని అంచు ఒకటైనా ఉంటుంది. దాన్ని బయటికి పెట్టి, పగిలిన వాడి అంచును లోపలికి తిప్పితే పిల్లల మోకాళ్లు గీరుకుపోవు. పైవరుసలు కొద్దిగా లోపలికి వాలేలా పేరిస్తే గోడ మట్టి ఒత్తిడికి తట్టుకుంటుంది, వరుసల సందుల్లోంచి మిగులు నీరు దానంతటదే బయటికి పోతుంది.

మడి వెడల్పు 3 అడుగులు దాటకూడదు. అంతకు మించితే చిన్న తరగతుల పిల్లలకు నడిమి మొక్క అందదు, అందుకోవడానికి మడి ఎక్కి తొక్కుతారు. 8 అడుగుల పొడవు మడికి గోడ రాయే టన్నుకు పైగా పడుతుంది. ఒక ట్రాలీ ముక్కలతో రెండు మూడు మడులు లేస్తాయి. చేతి నుంచి పెట్టుకోవాల్సింది ప్రధానంగా ట్రాక్టరు కిరాయే.

గోడ కన్నా లోపల నింపే మట్టికే ఎక్కువ ఖర్చవుతుందని భయపడతారు. ఇక్కడ మనకు కంది పంట కలిసివస్తుంది. తాండూరు కందిపప్పు పేరు అందరికీ తెలుసు, దాని కట్టె మాత్రం పొయ్యిలోకే పోతోంది. ఆ కట్టెను విరిచి, ఎండుటాకులతో కలిపి మడి సగం ఎత్తు దాకా పరిచి, నీళ్లు చల్లి పిల్లలతో తొక్కించి, మీద పేడనీళ్లు పోయాలి. కట్టె కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాక్కుంటుంది కనుక పేడ మానేస్తే మొదటి పంట ఆకులు పాలిపోతాయి. చెదలు రాకుండా వేపపిండి కాస్త చల్లాలి. పై ఆరంగుళాలకు రెండు పాళ్ల మట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు చాలు. మన నల్లమట్టి ఒక్కటే పోస్తే ఎండకు నెర్రెలిచ్చి, వానకు బంకగా మారుతుంది, అందుకే అందులో ఎర్రమట్టి కలపడం మంచిది. ఈ లెక్కన ఒక ట్రాలీ మట్టి పది మడులకు సరిపోతుంది. కట్టె కుళ్లేకొద్దీ మడి కుంగుతుంది, ఏటా పైన కొంత ఎరువు వేసుకోవాలి.

ఒక హెచ్చరిక. ముక్కలతో పాటు పాలిషింగ్ నుంచి వచ్చే తెల్లని బురదను కూడా తెచ్చి మట్టిలో కలిపే ప్రయత్నం చేయవద్దు. అది నూరిన సున్నపురాయి. ఎండితే గట్టిగా పెళ్ల కడుతుంది, మట్టిలో సున్నం పెరిగితే ఇనుము అందక ఆకుకూరల ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

ఎత్తు మడి అన్ని ప్రాంతాలకూ సరిపోతుందని నేను అనడం లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురంలో, నేల తవ్వడానికి వీలుంటే, నీటిని పట్టి ఉంచే పల్లపు మడులే మేలు, ఎందుకంటే ఎత్తు మడి త్వరగా ఆరిపోతుంది. ఇక్కడ కూడా ఆ బెడద ఉంది కాబట్టి పిల్లలు చేతులు కడిగే నీటిని, బియ్యం కడుగును మడులకు మళ్లించి, మొక్కల మొదళ్లలో ఎండుగడ్డి పరవాలి. సబ్బు కలిసిన పళ్లాల నీటిని వాడవద్దు. మేకల నుంచి కాపాడటానికి మాత్రం ప్రహరీ లేని బడులు కంప వేసుకోక తప్పదు.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. బడి తోటకు ఇచ్చే సొమ్మును సంచులు, కిట్లు కొనడానికే పరిమితం చేయకుండా ట్రాక్టరు కిరాయికి, మేస్త్రీ కూలికి, ఎరువుకు ఖర్చు పెట్టుకునే వెసులుబాటు ప్రధానోపాధ్యాయులకు ఇవ్వాలి. ఆ అనుమతి ఫిబ్రవరిలోనే అందాలి. కంది కోతలు అప్పటికి ముగిసి కట్టె చేతికొస్తుంది, బడులు నడుస్తుంటాయి కనుక పిల్లల చేయి కూడా తోడవుతుంది, వేసవి సెలవుల్లో మడి అణిగి జూన్‌లో బడి తెరిచే నాటికి తోటకూర, పాలకూర, గోంగూర చల్లడానికి సిద్ధంగా ఉంటుంది. వానలు మొదలయ్యాక అనుమతి వస్తే కందికట్టె పొయ్యిల పాలై ఉంటుంది, ట్రాక్టరు పొలం పనుల్లో ఉంటుంది.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తాండూరు, వికారాబాద్ జిల్లా